సాయంత్రం వోల్టేజ్ 180కి పడిపోతోంది, బిల్లు పెరగడానికి అదే కారణమా?

పైవాటా:
అందరికీ నమస్కారం. మాది ఊరి చివర ఇల్లు, పై వాటాలో అద్దెకు ఉంటున్నాం. పగలంతా 225 చుట్టూ ఉండే వోల్టేజ్ సాయంత్రం ఏడు దాటిందంటే దిగిపోతుంది. గీజర్ వేస్తే 180 కూడా ఉండటం లేదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరుగుతోంది. ఫ్రిజ్ వెనక 'టక్'మని శబ్దం, కాసేపు మూలుగు, మళ్లీ 'టక్'. కింద వాటాలో ఉండే ఓనర్ గారేమో "లో వోల్టేజ్ అయితే మీటరు గిర్రున తిరుగుద్ది, అందుకే నీ బిల్లు ఎక్కువ" అంటున్నారు. బిల్లు పెరిగిన మాట నిజమే. స్టెబిలైజర్ కొంటే తగ్గుతుందా? ఆన్‌లైన్‌లో ప్లగ్గులో పెట్టే పవర్ సేవర్ ఒకటి చూశాను, అది కొననా? రోజూ సాయంత్రం అయ్యిందంటే టెన్షన్‌గా ఉంది.

కొత్తఇంజనీరు:
ఓనర్ గారి మాటలో తప్పేముంది? పవర్ అంటే వోల్టేజ్ ఇంటూ కరెంటు. వోల్టేజ్ తగ్గితే అదే పవర్ కోసం కరెంటు ఎక్కువ లాగాలి. కరెంటు ఎక్కువ లాగితే బిల్లు ఎక్కువ. అంతే.

లెక్కలమాష్టారు:
తమ్ముడూ, మీటరు ఒక్క ఆంపియర్లనే లెక్కపెట్టదు, వోల్టేజ్‌నూ కలిపి లెక్కపెడుతుంది. "అదే పవర్ కోసం" అని నువ్వే అన్నావు. పవర్ అదే అయినప్పుడు బిల్లూ అదే. పైగా ఆ "అదే పవర్" అన్నది ప్రతి వస్తువుకూ వర్తించదు.

గీజర్ తీసుకో. లోపల ఉన్నది ఉత్త హీటింగ్ కాయిల్, దాని నిరోధం దాదాపు మారదు. 230 దగ్గర 2000 వాట్లు అంటే సుమారు 26.5 ఓములు. అదే కాయిల్‌కి 180 ఇస్తే కరెంటు పెరగదు, తగ్గుతుంది. పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పడిపోతుంది కాబట్టి 1225 వాట్లే వస్తాయి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి రావాలంటే సుమారు 0.61 యూనిట్ కావాలి. 230లో 18 నిమిషాలు పడుతుంది, 180లో అరగంట. యూనిట్లు మాత్రం అవే. ఆలస్యమైన కాసేపట్లో ట్యాంకు గోడ నుంచి పోయే వేడి ఏదో కొంచెం ఉంటుంది, దాన్ని వదిలేయొచ్చు. ఇస్త్రీ పెట్టె, హీటర్ రాడ్, కాయిల్ పొయ్యి, అన్నీ ఇదే కుటుంబం.

కొత్తఇంజనీరు:
సరే మాష్టారూ, మరి ఇన్వర్టర్ ఏసీ సంగతేంటి? టీవీ, కంప్యూటర్, ఫోన్ చార్జర్? అవి కరెంటు ఎక్కువ లాగుతాయి కదా?

లెక్కలమాష్టారు:
లాగుతాయి. నీ సూత్రం సరిగ్గా అతికేది వాటికే. ఇన్వర్టర్ ఏసీ 1500 వాట్లు తింటోందనుకో, 230లో ఆరున్నర ఆంపియర్లు, 180లో ఎనిమిది పైచిలుకు. బిల్లు మాత్రం 1500 వాట్లకే. తేడా పడేది వైర్ల దగ్గర. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది, అంటే అదే వైరు ఇప్పుడు 63 శాతం ఎక్కువ వేడెక్కుతుంది. మీటరు దాటాక ఇంట్లో ఉన్న వైరు అయితే ఆ వేడి మీ లెక్కలో పడుతుంది. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న సర్వీస్ వైరు అయితే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) నష్టాల్లో పడుతుంది. ఈ తేడా ఓనర్ గారికి తెలిస్తే బావుండు.

వైండింగ్‌షాపు:
ఇంతసేపూ బిల్లు గొడవేనా? అసలు డబ్బు పోయేది మోటార్ల దగ్గర. నా షాపుకి ఎండాకాలం వచ్చే మోటార్లలో లో వోల్టేజ్‌తో కాలినవే ఎక్కువ.

ఫ్రిజ్ 'టక్' సంగతి చెబుతా. మామూలు కంప్రెసర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. స్టార్టింగ్‌లో దాని బలం కూడా వోల్టేజ్ వర్గాన్ని బట్టే ఉంటుంది. 180 అంటే 230లో ఉండే బలంలో 61 శాతం. గ్యాస్ ప్రెషర్‌ని తోసుకుని తిరగడానికి అది చాలదు. తిరగని మోటారు మామూలుగా తీసుకునే కరెంటుకి ఎన్నో రెట్లు తీసుకుంటుంది, అదే మీరు విన్న మూలుగు. కొన్ని సెకన్లలో పక్కనున్న ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ వేడెక్కి కట్ చేస్తుంది, అదే 'టక్'. చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఇలా సాయంత్రమంతా జరిగితే ఏదో ఒక రోజు ఓవర్‌లోడ్ అతుక్కుపోతుంది, ఆ రోజే కంప్రెసర్ పోతుంది. వోల్టేజ్ 190 కింద ఉన్నంతసేపు ప్లగ్గు తీసేయండి. తలుపు తెరవకపోతే రెండు మూడు గంటలు పాలకూ కూరలకూ ఏమీ కాదు.

పైవాటా:
థాంక్యూ అండీ. ఇవాళ్టి నుంచే తీసేస్తా. మరి ఫ్యాను? అది కూడా కాలిపోతుందా?

వైండింగ్‌షాపు:
ఫ్యాను కాలదు. స్పీడు తగ్గేకొద్దీ గాలిని నెట్టే బరువు కూడా తగ్గిపోతుంది కాబట్టి అది బతికిపోతుంది, వాట్లూ తగ్గుతాయి. ఒక్క విషయం చూసుకోండి. కండెన్సర్ నీరసించిన ఫ్యాను మంచి వోల్టేజ్‌లోనూ నెమ్మదిగానే తిరుగుతుంది. పొద్దున 225లో కూడా ఈడుస్తోందంటే తప్పు లైనుది కాదు, కండెన్సర్ మార్చండి. బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ బాధ లేదు. వాటికి లోపల సొంత సర్క్యూట్ ఉంటుంది, 180లోనూ అదే స్పీడు. ఐదో నంబరులో 30 వాట్ల చుట్టూ తింటాయి, పాత ఫ్యాన్లు 70, 75.

నీళ్ల మోటారు మాత్రం ఫ్యాను లాంటిది కాదు. లో వోల్టేజ్‌లో కూడా అది దాదాపు అదే స్పీడులో, అదే బరువు లాగాలని చూస్తుంది, కాబట్టి కరెంటు పెరుగుతుంది, వైండింగ్ ఉడుకుతుంది. ఈ ఊళ్లో సగం ఇళ్లలో సంప్ మోటారు సాయంత్రం ఏడుకే వేస్తారు, ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పొద్దున్నే వేసుకోవచ్చు కదా.

బోరుబావి:
అన్నా, షాపులో మోటారు విప్పగానే ఏ కారణంతో కాలిందో ఎట్లా చెబుతారు? మొన్న మా 5 హెచ్‌పీ మోటారు తీసుకుపోతే "ఇది లో వోల్టేజ్ కాదు, ఫేజ్ పోయింది" అన్నాడు మా ఊరి మెకానిక్.

వైండింగ్‌షాపు:
చూస్తే తెలిసిపోతుంది తమ్ముడూ. స్టేటర్ (మోటారులో తిరగని భాగం) పక్కన పెట్టి చుట్లు చూడు. అన్ని చుట్లూ ఒకే రకంగా నల్లబడి, వార్నిష్ పెళుసుగా రాలిపోతోందంటే ఓవర్‌లోడ్ అయినా అయ్యుండాలి, లో వోల్టేజ్ అయినా అయ్యుండాలి. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చుట్ల చివరలు ఒకచోట కలిపిన) మోటారులో రెండు ఫేజుల చుట్లు మాడి మూడోది ఎర్రగా కొత్తదానిలా ఉందంటే, ఒక ఫేజ్ పోయినా మోటారు నడిచిందని అర్థం. డెల్టా (చుట్లు త్రికోణంలా కలిపినది) అయితే లెక్క తిరగబడుతుంది, ఒక ఫేజ్ మాడుతుంది, రెండు బాగుంటాయి. మీ మెకానిక్ అది చూసే చెప్పుంటాడు. ఒక ఫేజ్ పోగానే మోటారు ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించు. రివైండింగ్ ఖర్చు ముందు దాని ధర ఎంత!

మాజీఏఈ:
ఇన్నాళ్లూ లైన్ల మీదే బతికినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తాను.

ముందు, ఎంత వోల్టేజ్ రావాలి అన్నది. మన దగ్గర ఇళ్లకు ప్రమాణం 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వెనకటి లెక్క 240, అందుకే పాత మోటార్ల పేర్ల పలకల మీద 240, 415 అని కనిపిస్తుంది. ఇళ్ల లైన్లకు అటూ ఇటూ 6 శాతం సడలింపు ఉంటుంది, అంటే 216 నుంచి 244 లోపు ఉండాలి. మీకు సాయంత్రం 180 వస్తోందంటే అది చాలా తక్కువే.

కానీ తొందరపడి లైన్‌మన్‌ని తిట్టకండి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద 11000/433 అని రాసి ఉంటుంది. 433 అంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250. లోడు పడితే తగ్గుతుందని తెలిసే కాస్త ఎక్కువతో మొదలుపెడతారు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటికి అర్ధరాత్రి 248 వస్తుంది, చివరింటికి సాయంత్రం 200 వస్తుంది. రెండూ ఒకే లైను. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజ్ మెట్లు మార్చే అమరిక) మార్చి పెంచొచ్చు, కానీ చివరివాళ్ల కోసం పెంచితే మొదటివాళ్ల బల్బులు పోతాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సాయంత్రం ఎనిమిదికి ఇంట్లో అన్నీ ఆపేసి, ఏదైనా ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ రాసుకోండి. తర్వాత గీజర్ ఒక్కటే వేసి మళ్లీ చూడండి. మీటరు డిస్‌ప్లేలో వోల్టేజ్ చూపిస్తే అది కూడా రాయండి. అన్నీ ఆపినా 180 ఉంటే ఊరి లైను సమస్య. మీ గీజర్ వేసినప్పుడే ధన్‌మని పడిపోతే, మీకూ స్తంభానికీ మధ్య ఎక్కడో ఉంది.

పైవాటా:
చూశానండీ. అన్నీ ఆపితే 205. గీజర్ వేస్తే 178. మీటరు డిస్‌ప్లేలో కూడా 179 చూపిస్తోంది. కింద ఓనర్ గారింట్లో అదే సమయంలో 203 ఉంది, వాళ్ల సర్వీస్ వేరు.

లెక్కలమాష్టారు:
దొరికిపోయింది! ఒక్క గీజర్‌కి 27 వోల్టులు మాయం. కాయిల్ 26.5 ఓములు అనుకున్నాం కదా, 178 దగ్గర కరెంటు సుమారు 6.7 ఆంపియర్లు. 27ని 6.7తో భాగిస్తే 4 ఓములు. మంచి సర్వీస్ వైరుకి ఇంత ఉండదు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు కిలోమీటరుకు 7.41 ఓములు. మీ స్తంభం 40 మీటర్ల దూరంలో ఉన్నా, రానూ పోనూ 80 మీటర్లకు 0.6 ఓములే. మిగిలిన 3.4 ఓములు ఎక్కడున్నాయి? ఏదో ఒక జాయింట్‌లో. గీజర్ వేసినప్పుడల్లా ఆ ఒక్క ముడిలో సుమారు 150 వాట్లు కాలుతున్నాయి. మీటరు కూడా 179 చూపిస్తోంది కాబట్టి ముడి మీటరుకి అవతల, స్తంభం వైపే ఉంది. అంటే ఆ 150 వాట్లకు మీరు డబ్బు కట్టడం లేదు. ప్రమాదం మాత్రం మీదే.

మాజీఏఈ:
మాష్టారి లెక్క కరెక్ట్. పైవాటా గారూ, దయచేసి మీరు ఎక్కి చూడొద్దు, కింద నుంచి కర్రతో కదపొద్దు. సర్వీస్ వైరు మీ మెయిన్ ఆపినా చావదు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి "సర్వీస్ జాయింట్ వేడెక్కుతోంది" అని చెప్పండి. "లో వోల్టేజ్" అంటే వరుసలో పెడతారు, "జాయింట్ కాలుతోంది" అంటే త్వరగా వస్తారు. ఇది అనుభవం.

కాలనీసెక్రటరీ:
ఆ జాయింట్ న్యూట్రల్ వైపుదైతే ఇంకా జాగ్రత్త. మా కాలనీలో కిందటేడు వానకి స్తంభం మీద న్యూట్రల్ జంపర్ (కలిపే వైరు ముక్క) ఊడింది. ఒక వరుస ఇళ్లలో లైట్లు మినుకుమినుకుమన్నాయి, ఇంకో వరుసలో పెళ్లి పందిరిలా వెలిగిపోయాయి. పది నిమిషాల్లో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఒక వాషింగ్ మెషీన్ బోర్డు పోయాయి. ఎవరి తప్పో తేలలేదు, ఎవరికి వాళ్లు బాగు చేయించుకున్నారు.

కొత్తఇంజనీరు:
న్యూట్రల్ ఊడితే కరెంటు పోవాలి కదా, ఎక్కువెలా వస్తుంది?

లెక్కలమాష్టారు:
ఒక్క ఇంటి న్యూట్రల్ మాత్రమే ఊడితే పోతుంది. కానీ వీధి మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ ఊడితే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి తగులుకుంటాయి, వాటి రెండు చివర్లకూ ఫేజు ఫేజు మధ్య ఉండే 400 వోల్టులు వస్తాయి. ఒకింట్లో 1000 వాట్ల హీటర్, ఇంకో ఇంట్లో 100 వాట్ల లోడు ఉన్నాయనుకో. నిరోధాలు 53, 529 ఓములు. 400 వోల్టులు ఆ నిష్పత్తిలో పంచుకుంటే హీటర్ ఉన్న ఇంటికి 36, చిన్న లోడు ఉన్న ఇంటికి 364. పొదుపుగా వాడుకునేవాడి టీవీయే పోతుంది, ఇదీ న్యాయం!

మాజీఏఈ:
అందుకే చెబుతాను, మెయిన్ దగ్గర ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించుకోండి. మెయిన్ బోర్డు పెట్టె (డీబీ)లో ఎంసీబీ స్విచ్ పక్కన పట్టేంత ఉంటుంది. వోల్టేజ్ హద్దు దాటితే మొత్తం కట్ చేసి, సర్దుకున్నాక కాస్త ఆగి తనే కలుపుతుంది. గదికో స్టెబిలైజర్ కొనేకంటే ముందు ఇది.

పైవాటా:
మరి స్టెబిలైజర్ వద్దంటారా?

మాజీఏఈ:
వద్దని కాదు. అది బిల్లు తగ్గించే వస్తువు కాదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు ఉంటాయి. 180 తీసుకుని 230 ఇవ్వాలంటే లైను నుంచి 28 శాతం ఎక్కువ కరెంటు లాగాలి, పైగా తనకంటూ కొన్ని వాట్లు. మీ జాయింట్ బాగవకుండా ఏసీకి స్టెబిలైజర్ పెడితే, అది ఎక్కువ లాగుతుంది, జాయింట్‌లో ఇంకా పడిపోతుంది, అది ఇంకా ఎక్కువ లాగుతుంది. రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. వీధి మొత్తం ఏసీలకు స్టెబిలైజర్లు పెట్టుకున్న చోట చివరింటికి ఏం మిగులుతుందో ఊహించుకోండి. ముందు లైను, తర్వాత స్టెబిలైజర్.

కొనేటప్పుడు ఇన్‌పుట్ ఎంత నుంచి ఎంత వరకు పనిచేస్తుందో చూడండి. 170 నుంచి 270 వరకే పనిచేసేది ఉంటుంది, 130 నుంచి 300 దాకా పనిచేసేదీ ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది తీసుకోండి, కంప్రెసర్‌లో ప్రెషర్ సమానం కావడానికి ఆ టైము కావాలి. ఇన్వర్టర్ ఫ్రిజ్, ఇన్వర్టర్ ఏసీ అయితే ముందు వాటి పుస్తకం చూడండి, చాలావాటికి స్టెబిలైజర్ అక్కర్లేదని రాసే ఉంటుంది.

కరెంట్‌ఆదా:
పవర్ సేవర్ నేను వాడుతున్నాను, 30 శాతం తగ్గింది. లింకు కావాలంటే మెసేజ్ చేయండి.

మోడరేటర్:
లింకులు, అమ్మకాలు ఇక్కడ వద్దు.

లెక్కలమాష్టారు:
ఆ డబ్బా విప్పితే ఒక కండెన్సర్, ఒక ఎల్‌ఈడీ ఉంటాయి. కండెన్సర్ పవర్ ఫ్యాక్టర్‌ని, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతుని, సరిచేస్తుంది, నిజమే. కానీ ఇళ్లకు బిల్లు వేసేది అసలు వాట్ల మీద. పవర్ ఫ్యాక్టర్ మారినా ఇంటి మీటరు లెక్క మారదు. ఆ ఎల్‌ఈడీకి అయ్యే కరెంటు మాత్రం మీ బిల్లులోకే.

బోరుబావి:
కండెన్సర్ అంటే గుర్తొచ్చింది. మా బోర్ల దగ్గర అయితే దానికి విలువ ఉంది. 5 హెచ్‌పీ మోటారుకి 2 కేవీఏఆర్ సైజు కండెన్సర్ పెట్టాక, అదే మోటారు తక్కువ ఆంపియర్లు తీసుకుంటోంది, లైను చివర వోల్టేజ్ నాలుగైదు వోల్టులు లేచింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత కరెంటు మొదలైనప్పుడు కండెన్సర్, మంచి ఫుట్‌వాల్వ్, ఐఎస్ఐ మోటారు, హెచ్‌డీపీఈ పైపు ఉండాలన్నారు. ఎంతమంది పెట్టారు? పెట్టినవాళ్లు కూడా కండెన్సర్ పోతే మళ్లీ కొనలేదు.

మా అసలు రోగం ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒక్కోటి లేచేటప్పుడు మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. వోల్టేజ్ పడిపోతుంది, ఏ మోటారూ లేవదు, అన్నీ మూలుగుతూనే ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి బోర్లకు 24 గంటల కరెంటు ఇస్తూ ఆటో స్టార్టర్లు తీసేయమని చెప్పింది అందుకే. తీసేస్తే రాత్రి చేను దగ్గర పడుకోవాలని ఎవరూ తియ్యలేదు, అది వేరే కథ.

మాజీఏఈ:
నిజం. 11 కేవీ లైనునే పొలం దాకా తెచ్చి, ఇద్దరు ముగ్గురు రైతులకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన హెచ్‌వీడీఎస్ చోట్ల ఈ గొడవ బాగా తగ్గింది. అదే పవర్‌ని ఎక్కువ వోల్టేజ్‌లో పంపితే కరెంటు తగ్గుతుంది, వైరులో పోయేది ఇంకా బాగా తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మనదే అన్న భయం కూడా పనిచేస్తుందనుకోండి.

పైవాటా:
అప్‌డేట్. ఇవాళ లైన్‌మన్ గారు వచ్చారు. ఇంటి మీద ఇనప పైపు దగ్గర, సర్వీస్ వైరు లోపలి రాగి వైరుతో కలిసే చోట న్యూట్రల్ ముడి. అల్యూమినియం, రాగి రెండూ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. టేపు కరిగి కారిపోయింది, లోపల అల్యూమినియం తెల్లటి పొడిలా అయిపోయింది, చేత్తో పట్టుకుంటే రెండు పోగులు రాలిపోయాయి. కత్తిరించి లగ్గు (వైరు కొనకు బిగించే లోహపు తొడుగు) పెట్టి బిగించారు. ఇప్పుడు ఖాళీగా ఉంటే 206, గీజర్ వేస్తే 201. ఫ్రిజ్ టక్ మనకుండా లేచింది!

మాజీఏఈ:
ఆ తెల్ల పొడే అసలు దొంగ. అల్యూమినియం, రాగి నేరుగా కలిస్తే తడి తగిలినప్పుడల్లా అల్యూమినియం తినేసుకుపోతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటల్ లగ్గు వాడాలి. ఏది పెట్టారో కనుక్కోండి, ఉత్త అల్యూమినియం లగ్గు అయితే రెండు వానాకాలాల తర్వాత మళ్లీ ఇదే కథ.

ఇక మిగిలిన 206 మీ సమస్య కాదు, లైనుది. దానికి మీ వీధి వాళ్లు కలిసి సెక్షన్ ఆఫీసులో రాసి ఇవ్వండి, నంబరు తీసుకోండి. విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల్లో వోల్టేజ్ ఫిర్యాదుకీ గడువు ఉంటుంది. పని కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. నోటిమాటగా చెబితే ఏదీ లెక్కలోకి రాదు.

పైవాటా:
తప్పకుండా. కానీ బిల్లు ఎందుకు పెరిగిందన్నది తేలలేదు. మార్చి కంటే ఏప్రిల్‌లో బాగా ఎక్కువ.

వైండింగ్‌షాపు:
ఏప్రిల్‌లో ఏసీ వేశారా?

పైవాటా:
వేశామండీ, రాత్రుళ్లు.

వైండింగ్‌షాపు:
ఇంకేం మరి!

లెక్కలమాష్టారు:
ఎండ దెబ్బ, దానికి తోడు స్లాబు. యూనిట్లు కొంచెం పెరిగి పై స్లాబులోకి వెళితే రేటూ పెరుగుతుంది. ఫ్రిజ్ కూడా లేవలేక చల్లబడక రోజంతా పనిచేసి ఉంటే అందులో కొంత వాటా. వోల్టేజ్ మీద పడేసి ఊరుకోకండి, పోయినేడు ఏప్రిల్ బిల్లు తీసి యూనిట్లు పోల్చండి, రూపాయలు కాదు.

ఇంకో మాట. ఇంట్లో వైరింగ్ పాతదైతే గీజర్‌కి ఏ వైరు వెళ్తోందో చూడండి. 1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరు మీద గీజర్ నడిపే ఇళ్లు నేను చూశాను. 20 మీటర్ల దూరానికి 6 వోల్టులు పడిపోతాయి, 55 వాట్లు గోడలో వేడిగా పోతాయి. రోజూ అరగంటకి నెలకు ఒక యూనిట్ కూడా కాదు, బిల్లులో కనిపించదు. కానీ గోడలో పీవీసీ కాలుతుంది. 2.5 వైరు వేస్తే 22 వాట్లే.

డల్లాస్‌వదిన:
ఇక్కడ మాకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుపుతున్నా, ఇడ్లీ పిండి బాగానే నలుగుతోంది. గ్రైండర్ కూడా తెచ్చుకోవచ్చా?

వైండింగ్‌షాపు:
అమ్మా, మిక్సీలో ఉండేది బ్రష్‌ల మోటారు, దానికి హెర్ట్జ్‌తో పని లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం 750 వాట్ల మిక్సీకి 1500 వాట్లది పెట్టండి, స్టార్టింగ్‌లో తట్టుకోవాలి. వెట్ గ్రైండర్‌లో ఇండక్షన్ మోటారు ఉంటుంది, 60 హెర్ట్జ్‌లో 20 శాతం వేగంగా తిరుగుతుంది. రాయి తిరుగుడు పెరిగి పిండి వేడెక్కుతుంది, బెల్టు అరుగుతుంది. అక్కడే దొరికే 110 వోల్టుల గ్రైండర్ కొనుక్కోండి, సుఖం.

లెక్కలమాష్టారు:
తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త. అమెరికాలో కొన్న 1000 వాట్ల కాఫీ మెషీన్‌ని మా బంధువులు ఇక్కడి ప్లగ్గులో పెట్టారు. 120కి చేసిన కాయిల్‌కి 230 ఇస్తే 3600 వాట్లు దాటుతాయి. కాఫీ కాలేదు, పొగ అయ్యింది. అడుగున 100–240 అని ఉంటేనే పెట్టాలి. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లకు ఉంటుంది, కాయిల్ వస్తువులకు సాధారణంగా ఉండదు.

కొత్తఇంజనీరు:
ఆ దేశంలో వోల్టేజ్ కావాలనే కొంచెం తగ్గించి కరెంటు ఆదా చేస్తారని చదివాను. మరి లో వోల్టేజ్ మంచిదేనా?

లెక్కలమాష్టారు:
అక్కడి హద్దు 114 నుంచి 126. అందులో పై అంచున కాకుండా కింది సగంలో నడపడమే ఆ పద్ధతి. పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ 2010లో లెక్కవేస్తే, దేశంలోని అన్ని ఫీడర్లకూ పెడితే ఏడాది వాడకంలో సుమారు 3 శాతం మిగులుతుందని తేలింది. హద్దు లోపల తగ్గించడం వేరు, 180కి జారిపోవడం వేరు. అయినా ఇన్వర్టర్ ఏసీలు, ఎల్‌ఈడీలు, బీఎల్‌డీసీలు పెరిగేకొద్దీ ఆ ఆదా కరిగిపోతుంది, అవి వోల్టేజ్ ఎంతైనా అదే వాట్లు తింటాయి కదా. పాత ఫిలమెంట్ బల్బుల కాలంలో అయితే వోల్టేజ్ కాస్త తగ్గినా వెలుగు బాగా తగ్గేది, బల్బు మాత్రం ఏళ్ల తరబడి బతికేది.

డాబాసోలార్:
అందరూ తక్కువ వోల్టేజ్ గురించే రాస్తున్నారు, నాది ఎక్కువ బాధ. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టాం. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతున్నప్పుడు ఇన్వర్టర్ ట్రిప్ అవుతోంది. 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అంటుంది. కంపెనీవాళ్లు లైను తప్పంటారు, లైనువాళ్లు ఇన్వర్టర్ తప్పంటారు.

మాజీఏఈ:
మీ స్తంభం ఎంత దూరం? సర్వీస్ వైరు సైజు ఎంత?

డాబాసోలార్:
దాదాపు 60 మీటర్లు. 4 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల) అల్యూమినియం, పాతదే.

మాజీఏఈ:
అదే అయ్యుంటుంది. 60 మీటర్లు అంటే రానూ పోనూ దాదాపు 0.9 ఓములు. మీరు 13 ఆంపియర్లు బయటికి తోస్తే ఆ వైరు మీద 12 వోల్టులు అదనంగా ఎక్కుతాయి. వాడేవాడికి వోల్టేజ్ పడిపోతుంది, పంపేవాడికి లేస్తుంది. మధ్యాహ్నం లైనులో 243 ఉంటే, అది హద్దులోనే, మీ ఇన్వర్టర్ దగ్గర 255. ప్రమాణం కన్నా 110 శాతం, అంటే 253 దాటితే రెండు సెకన్లలో విడిపోవాలని దానికి నిబంధన. కాబట్టి అది తన పని తాను చేస్తోంది.

రేపు మధ్యాహ్నం ట్రిప్ అయ్యే టైముకి గీజర్, వాషింగ్ మెషీన్ వేసి చూడండి. ఇంట్లోనే వాడేస్తే బయటికి పోయేది తగ్గి ట్రిప్ ఆగాలి. ఆగితే సర్వీస్ వైరు 10 ఎస్‌క్యూ కి మార్పించండి, ఆ 12 వోల్టులు ఐదుకి దిగుతాయి. ఆగకపోతే స్తంభం దగ్గరే ఎక్కువ ఉన్నట్టు, అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ గురించి అర్జీ పెట్టండి. ఇన్వర్టర్ సెట్టింగ్‌లో హద్దు పెంచేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి.

డాబాసోలార్:
రేపు ఆదివారమే, ఇంట్లోనే ఉంటాను. పన్నెండున్నరకి గీజర్ వేసి ఇన్వర్టర్ రీడింగ్, మీటరు రీడింగ్ రెండూ పెడతాను.

మాజీఏఈ:
స్తంభం పక్కింటి రీడింగ్ కూడా అడిగి తీసుకోండి.